రైతులే గురువులన్న శాస్త్రవేత్త.. సర్ ఆల్బర్ట్ హోవర్డ్

(డిసెంబరు 8 హోవర్డ్ జయంతి)

పెంటకుప్ప లేని పల్లె ఒకప్పుడు తెలుగునాట కానవచ్చేది కాదు. పశువుల పేడ, కొట్టంలోని చెత్త, పొయ్యిలోని బూడిద, పంట కోసిన తరువాత మిగిలిన కట్టె అన్నీ అక్కడికే చేరేవి. తొలకరికి ముందు బండ్లమీద మళ్లీ పొలానికే తరలేవి. నేల నుంచి తీసుకున్నదానిని నేలకే తిరిగి ఇవ్వాలన్న ఈ ఆచారాన్ని శాస్త్రదృష్టితో పరిశీలించి, కంపోస్టు తయారీని క్రమబద్ధమైన విద్యగా మలచిన వ్యక్తి సర్ ఆల్బర్ట్ హోవర్డ్. ఆయన పుట్టింది ఇంగ్లండులో. చదువుకున్నది కేంబ్రిడ్జిలో. అయితే సేద్యం నేర్చుకున్నది మాత్రం భారతీయ రైతుల వద్ద. 1905 నుంచి 1931 వరకు 26 సంవత్సరాలు ఈ దేశపు పొలాల్లో గడిపిన ఆయన, నేర్చుకున్న విద్యను రహస్యంగా దాచుకోక ప్రపంచ రైతాంగానికి పంచిపెట్టారు. సేంద్రియ వ్యవసాయానికి, ఆ తరువాత శాశ్వత వ్యవసాయంగా పేరొందిన పర్మాకల్చర్‌కు పునాదులు వేసినవారిలో ఆయన అగ్రగణ్యులు.

రైతు బిడ్డ

1873 డిసెంబరు 8న ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో బిషప్స్ కాజిల్ అనే ఊరివద్ద ఒక రైతు కుటుంబంలో హోవర్డ్ జన్మించారు. పశువులు, పచ్చికబయళ్లు, పెంటపోగుల మధ్యనే బాల్యం గడిచింది. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో, అనంతరం కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో విద్యాభ్యాసం సాగించారు. 1896లో ప్రకృతి శాస్త్రాల్లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులై, మరుసటి ఏడాది వ్యవసాయంలో డిప్లొమా పొందారు.

1899లో వెస్టిండీస్‌లోని బార్బడోస్ దీవికి వెళ్లి శిలీంద్ర శాస్త్రవేత్తగా ఉద్యోగ జీవితం ఆరంభించారు. చెరకు తెగుళ్లకు కారణమైన శిలీంద్రాలను పరిశోధించడం ఆయన విధి. సూక్ష్మదర్శిని ముందు గంటల తరబడి గడిపే ఆ ఉద్యోగం ఆయనలో ఒక అసంతృప్తిని రేపింది. రైతుకు సలహా చెప్పవలసిన తనకు సొంతంగా పంట పండించే సెంటు భూమి అయినా లేదు. తాను చెప్పిన మందు తన పంటమీద తానే పరీక్షించి చూసుకునే అవకాశమూ లేదు. తెగులును చదివే శాస్త్రవేత్త ఒకచోట, పంటను పండించే రైతు మరొకచోట ఉన్నంతకాలం ఆ శాస్త్రం వల్ల ప్రయోజనం స్వల్పమని ఆయన గ్రహించారు.

1903లో ఇంగ్లండుకు తిరిగివచ్చి వై గ్రామంలోని వ్యవసాయ కళాశాలలో వృక్షశాస్త్రవేత్తగా చేరారు. అక్కడ హాప్స్ అనే తీగపంట మీద పరిశోధన చేశారు. కాయ బాగా ఎదగాలంటే తోటలో మగమొక్కలు కూడా ఉండాలని నిరూపించారు. అనవసరమని తోటల నుంచి తొలగిస్తూ వచ్చిన మగమొక్కలను తిరిగి నాటడం ఆ తరువాత మొదలైంది. ప్రకృతి ఏర్పాటును తుంచివేయడం వల్ల కలిగే నష్టమేమిటో ఆ అనుభవం ఆయనకు తెలియజెప్పింది.

పూసాలో కొత్త బడి

వైస్రాయ్ లార్డ్ కర్జన్ హయాంలో బీహార్‌లోని పూసా గ్రామంలో వ్యవసాయ పరిశోధన కేంద్రం వెలసింది. అమెరికా ధనవంతుడు హెన్రీ ఫిప్స్ ఇచ్చిన 30 వేల పౌండ్ల విరాళం దాని స్థాపనకు తోడ్పడింది. 1905లో ఆ కేంద్రానికి ఇంపీరియల్ ఎకనమిక్ బోటనిస్టుగా హోవర్డ్ నియమితులయ్యారు. ప్రయోగాలకు 75 ఎకరాల భూమి ఆయన చేతికి వచ్చింది. బార్బడోస్‌లో ఏది కరవైందో అది ఇక్కడ లభించింది.

పాలకుల దృష్టిలో ఆయన రాక వెనుక ఉద్దేశం స్పష్టం. మేలైన వంగడాలు సృష్టించాలి, పాశ్చాత్య సేద్య పద్ధతులను ఇక్కడి రైతులకు నేర్పాలి. హోవర్డ్ మొదటి పని చక్కగా నెరవేర్చారు. పూసా 4, పూసా 12 వంటి గోధుమ రకాలు ఉత్తర భారతంలో విస్తృతంగా సాగులోకి వచ్చాయి. రెండో పని మాత్రం తలకిందులైంది. నేర్పడానికి వచ్చిన అధికారి నేర్చుకునే విద్యార్థిగా మారారు.

పూసా పరిసర గ్రామాల రైతులు పురుగు మందులు వాడేవారు కారు. రసాయనిక ఎరువులు వారికి తెలియవు. అయినా వారి పంటల్లో చీడపీడలు తక్కువగా ఉండటం హోవర్డ్ గమనించారు. తృణధాన్యాలతో పప్పుదినుసులు కలిపి చల్లడం, పంట మార్చి పంట వేయడం, పశువుల ఎరువును పొలానికి తోలడం వంటి వారి అలవాట్లను శ్రద్ధగా అధ్యయనం చేశారు. తన పొలంలో మందులు చల్లడం మాని, ఆ రైతుల్లాగే సేద్యం చేయాలని నిశ్చయించుకున్నారు. పురుగును, తెగులును శత్రువులుగా చూడక, పంటకు గానీ నేలకు గానీ ఏదో లోటు జరిగిందని తెలియజేసే సూచికలుగా పరిగణించారు. రైతులను, చీడపీడలను తన గురువులుగా ఆయన చెప్పుకునేవారు. ఆ గ్రామాల్లో ఆయనకు పాఠాలు నేర్పిన రైతుల పేర్లు మాత్రం చరిత్రలో నమోదు కాలేదు.

వేళ్ల లోకంలోకి..

చాలామంది వృక్షశాస్త్రవేత్తలు ఆకును, కాండాన్ని, పూవును పరిశీలించే కాలంలో హోవర్డ్ దంపతులు నేలను తవ్వి వేళ్లను పరిశీలించారు. నీలిమందు పంటను పీడిస్తున్న ఎండు తెగులుకు మూలం నేలలో గాలి ఆడకపోవడం, వేళ్లు దెబ్బతినడమేనని తేల్చారు. పండ్లచెట్ల కింద గడ్డి పెరిగితే చెట్టు ఎందుకు చిక్కిపోతుందో, రుతువును బట్టి పైవేళ్లు, లోతువేళ్లు ఎలా పనిచేస్తాయో సంవత్సరాల తరబడి పరిశీలించి నమోదు చేశారు. చెట్టు, గడ్డి, పైరు ఒకే నేలలో ఒకదానితో ఒకటి ఎలా మెలుగుతాయన్న ఈ దృష్టే తరువాతి కాలపు పర్మాకల్చర్‌కు ప్రాణం.

బలూచిస్థాన్‌లోని క్వెట్టాలోనూ ఆయన పరిశోధనలు సాగాయి. నీటి ఎద్దడి గల ఆ ప్రాంతంలో నేలలోని తేమను కాపాడుకుంటే గోధుమకు పదేపదే నీరు పెట్టనక్కరలేదని చూపించారు. దూరప్రాంతాలకు పంపే పండ్లు దారిలో కుళ్లిపోకుండా గాలి ఆడే పెట్టెల్లో సర్దే విధానాన్ని తోటల యజమానులకు నేర్పారు.

ఎద్దులు చెప్పిన పాఠం

పూసాలో తన పొలం పనులకు హోవర్డ్ ప్రత్యేకంగా ఆరు జతల ఎద్దులను కోరి తీసుకున్నారు. వాటి కొట్టం, మేత, నీరు అన్నీ తన పర్యవేక్షణలోనే సాగేలా చూసుకున్నారు. తన పొలంలో బలమైన ఎరువుతో పండిన మేతనే వాటికి పెట్టారు. పక్కనే ఉన్న మరో మందలో తరచూ గాలికుంటు వ్యాధి చెలరేగేది. చిన్న కంచెకు ఇరువైపులా నిలిచి, జబ్బుపడిన పశువులతో తన ఎద్దులు ముట్టెలు రాసుకోవడం ఆయన కళ్లారా చూశారు. అయినా తన ఎద్దులకు వ్యాధి సోకలేదని ఆయన నమోదు చేశారు. సారవంతమైన నేల, ఆ నేలలో పండిన మేత, ఆ మేత తిన్న పశువు.. వీటి ఆరోగ్యం ఒకే గొలుసులోని లంకెలని ఆయన విశ్వసించారు.

ఇది ఒక అనుభవజ్ఞుని పరిశీలనే తప్ప, కట్టుదిట్టమైన ప్రయోగం కాదు. గాలికుంటు వేగంగా వ్యాపించే అంటువ్యాధి. మేలైన మేత ఎంత పెట్టినా టీకా తప్పనిసరి అని నేటి పశువైద్యం చెబుతోంది. అయితే నేల ఆరోగ్యం నుంచే పైరు, పశువు, మనిషి ఆరోగ్యం మొదలవుతుందన్న ఆయన ఆలోచన మాత్రం తరువాతి తరాల సేంద్రియ రైతులకు మూలసూత్రమైంది.

సహధర్మచారిణి.. సహ పరిశోధకురాలు

హోవర్డ్ పరిశోధనల్లో సగభాగం ఆయన భార్య గాబ్రియెల్‌కు చెందుతుంది. 1876లో జన్మించిన ఆమె కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కళాశాలలో చదివి, ఆకుల్లో ఆహారం తయారయ్యే ప్రక్రియపై ఉష్ణోగ్రత ప్రభావాన్ని పరిశోధించి పేరు తెచ్చుకున్నారు. 1905లో హోవర్డ్‌ను వివాహమాడి పూసా చేరుకున్నారు. స్త్రీలు శాస్త్ర పరిశోధనలో ఉన్నత పదవులు పొందడం అరుదైన ఆ రోజుల్లో, 1913లో రెండో ఇంపీరియల్ ఎకనమిక్ బోటనిస్టుగా ఆమె నియమితులయ్యారు. 1909లో వెలువడిన గోధుమ గ్రంథం మొదలు ఎన్నో రచనలపై దంపతులిద్దరి పేర్లూ కలిసే కనిపిస్తాయి. ప్రపంచానికి గుర్తున్న పేరు మాత్రం భర్తది.

ఇండోర్‌కు ప్రయాణం

పూసాలో ఏళ్లు గడిచేకొద్దీ హోవర్డ్‌కు ఒక చిక్కు ఎదురైంది. వంగడాలు ఒక శాఖవి, తెగుళ్లు మరో శాఖవి, పురుగులు ఇంకో శాఖవి, నేల రసాయనం వేరొక శాఖది. పైరును ముక్కలుముక్కలుగా విభజించి చూసే ఈ ఏర్పాటులో నేల, విత్తనం, నీరు, పశువు, రైతు అన్నీ కలిపి చూసే చోటే లేదు. అందుకోసం ప్రత్యేక సంస్థ కావాలని ఆయన సంకల్పించారు. భారత కేంద్ర పత్తి సంఘం, మధ్యభారత సంస్థానాల సాయంతో ఇండోర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ ఇండస్ట్రీ ఏర్పడింది. హోల్కర్ సంస్థానం 300 ఎకరాల భూమిని కేటాయించింది. 1924లో హోవర్డ్ సంచాలకులుగా బాధ్యతలు చేపట్టారు. 1926లో భారత సైన్స్ కాంగ్రెస్‌కు అధ్యక్షత వహించారు.

ఇండోర్ నేల నల్లరేగడి. వానకు బురదై, ఎండకు నెర్రెలిచ్చే ఆ నేల తెలంగాణ, రాయలసీమ పత్తి రైతులకు సుపరిచితమే. ఆ నేలను బాగుచేయడానికి తగినంత ఎరువు లేదు. పేడలో అధికభాగం పిడకలై పొయ్యి పాలవుతోంది. పత్తికట్టె, కందికట్టె వంటి గట్టి వ్యర్థాలు పొలంలో తొందరగా చివకవు. ఉన్న కొద్దిపాటి పేడతోనే ఎక్కువ ఎరువు తయారు చేయడం ఎలా అన్న ప్రశ్నకు సమాధానంగా పుట్టిందే ఇండోర్ పద్ధతి. చైనా, కొరియా, జపాన్ రైతులు శతాబ్దాలుగా వ్యర్థాలను నేలకు తిరిగి ఇస్తున్న తీరును వర్ణిస్తూ అమెరికా శాస్త్రవేత్త ఎఫ్.హెచ్.కింగ్ రాసిన 1911 నాటి గ్రంథం ఆయనకు దారి చూపింది. రసాయన శాస్త్రవేత్త యశ్వంత్ డి.వాడ్ ఈ కృషిలో ఆయనకు కుడిభుజంగా నిలిచారు.

తయారీ ఇలా..

గట్టి కట్టెలను ముందుగా బండ్లు తిరిగే బాటలపై పరిచేవారు. చక్రాల కింద, గిట్టల కింద నలిగి అవి మెత్తబడేవి. ఆ పొత్తును, ఎండుటాకులు, కలుపు, చెరకు చెత్తతో కలిపి కొట్టంలో పశువుల కింద పరిచేవారు. మరునాడు పేడ, మూత్రంతో తడిసిన ఆ పరుపును ఎరువు గుంతకు తరలించేవారు. గుంత 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు. చెత్త పొర మీద పేడనీళ్లు, కొట్టంలోని మూత్రం పీల్చిన మట్టి, కట్టెల బూడిద చల్లి, పలుచగా తడిపి, పొరలు పొరలుగా నింపేవారు. తొక్కి బిగించకుండా, గాలి ఆడేలా వదలడం ముఖ్యం. వానాకాలంలో గుంతల్లో నీరు నిలుస్తుంది కనుక నేలపైనే కుప్పలు వేసేవారు.

కొద్ది రోజుల్లోనే కుప్ప లోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది. కలుపు గింజలు, పురుగు గుడ్లు చాలావరకు ఆ వేడికి నశిస్తాయి. రెండు మూడు వారాలకు ఒకసారి, దాదాపు అయిదు వారాలకు మరోసారి కుప్పను తిరగవేయాలి. సుమారు మూడు నెలలకు నల్లగా, పొడిపొడిగా, మట్టివాసనతో ఎరువు సిద్ధమవుతుంది.

ఇందులోని కిటుకు కర్బనం, నత్రజని పాళ్లలో ఉంది. ఎండుకట్టెలో కర్బనం ఎక్కువ. పేడ, మూత్రం, పచ్చిరొట్టలో నత్రజని ఎక్కువ. ఆరంభంలో నత్రజని ఒక పాలుంటే కర్బనం సుమారు 33 పాళ్లు ఉండేలా కలిపితే సూక్ష్మజీవులు చురుకుగా పనిచేస్తాయి. ఎరువు తయారయ్యేసరికి ఆ నిష్పత్తి 10కి ఒకటి వద్దకు చేరుతుంది. పచ్చి చెత్తను నేరుగా దుక్కిలో కలిపితే దానిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే వాడుకోవడంతో పైరు పచ్చబారుతుంది. కుప్పలోనే ఆ పని పూర్తిచేయడం వల్ల ఈ ఇబ్బంది తప్పుతుంది.

అందరికీ అందిన విద్య

ఈ పరిశోధన ఫలితం కొలిక్కి వస్తున్న దశలోనే 1930 ఆగస్టులో గాబ్రియెల్ కన్నుమూశారు. పాతికేళ్ల సహచరిని కోల్పోయిన హోవర్డ్ మరుసటి ఏడాది పదవీ విరమణ చేసి ఇంగ్లండుకు మరలిపోయారు. గాబ్రియెల్ సోదరి లూయీజ్‌ను 1931లో వివాహమాడారు. అదే సంవత్సరం వాడ్‌తో కలిసి రాసిన, వ్యవసాయ వ్యర్థాలను ఎరువుగా మార్చే విధానాన్ని వివరించే గ్రంథం వెలువడింది. గుంత కొలతలు, పొరల వరుస, తిరగవేసే వేళలు అన్నీ అందులో ఉన్నాయి. చదివినవారెవరైనా సొంతంగా చేసుకోవచ్చు.

ఆ పుస్తకం చేరిన ప్రతిచోటా రైతులు తమ నేలకు తగినట్లు మార్పులు చేసుకున్నారు. తూర్పు ఆఫ్రికా కాఫీ తోటల్లో, భారత్, సింహళం తేయాకు తోటల్లో ఎరువు గుంతలు వెలిశాయి. తోటల యజమానులు తమ అనుభవాలను లేఖల ద్వారా హోవర్డ్‌కు తెలిపేవారు. ఒకరి అనుభవాన్ని ఆయన మరొకరికి చేరవేసేవారు. 1937-38లో తేయాకు తోటలను స్వయంగా చూసి వచ్చారు. 1935లో ఇండోర్ వచ్చిన మహాత్మాగాంధీ అక్కడి ఎరువు తయారీని పరిశీలించారు. ఆ ఏడాదే హరిజన్ పత్రిక ద్వారా ఈ పద్ధతి పల్లెసీమలకు పరిచయమైంది. 1939లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన సి.ఎన్.ఆచార్య పట్టణాల చెత్తకు అనువైన బెంగళూరు పద్ధతిని రూపొందించారు. వ్యవసాయ విద్యార్థులు నేటికీ ఈ రెండు పద్ధతులనూ జంటగా అభ్యసిస్తారు.

శాస్త్రలోకంతో తగాదా

1934లో సర్ బిరుదు వరించినా, శాస్త్రలోకంలో హోవర్డ్‌కు వ్యతిరేకత తప్పలేదు. 1940లో వెలువడిన ఏన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్ గ్రంథంలో రసాయనిక ఎరువులపై ఆధారపడిన సేద్యాన్ని ఆయన తీవ్రంగా ఖండించారు. చిన్నచిన్న మళ్లలో, గణాంకాల లెక్కలతో సాగే పరిశోధనలు పొలం వాస్తవాన్ని చూపలేవని విమర్శించారు. ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ కేంద్రంలో 1843 నుంచి సాగుతున్న ప్రయోగాలు రసాయనిక ఎరువులతోనూ దిగుబడి నిలుస్తుందని చూపుతున్నాయని ప్రత్యర్థులు బదులిచ్చారు. యుద్ధకాలంలో ఆహార కొరత వెంటాడుతున్న వేళ ఎరువుల మూటను కాదనడం సాహసమే అయింది.

ఈ వాదంలో హోవర్డ్ చెప్పినవన్నీ నిలబడలేదు. మంచి నేల ఉంటే తెగుళ్లన్నీ వాటంతటవే తొలగుతాయన్న ఆయన నమ్మకానికి పూర్తి ఆధారాలు లభించలేదు. వేళ్లతో జతకట్టి పైరుకు భాస్వరం అందించే మేలుచేసే శిలీంద్రాల ప్రాముఖ్యంపై ఆయన పట్టుబట్టిన మాట మాత్రం నిజమైంది. నేలలోని సేంద్రియ కర్బనం తగ్గితే నీటిని పట్టి ఉంచే శక్తి, ఎరువును వినియోగించుకునే శక్తి తగ్గుతాయని నేడు రెండు పక్షాలవారూ అంగీకరిస్తారు.

ఆయన వాదం రైతుల్లో, తోటమాలుల్లో పాదుకొంది. అమెరికాలో జె.ఐ.రొడేల్ 1942లో సేంద్రియ సేద్య పత్రికను ప్రారంభించి హోవర్డ్‌ను సహ సంపాదకునిగా చేర్చుకున్నారు. ఇంగ్లండులో ఈవ్ బాల్ఫర్ 1943లో నేల జీవంపై గ్రంథం రచించారు. 1946లో సాయిల్ అసోసియేషన్ ఏర్పడింది. 1947 అక్టోబరు 20న, తనను తీర్చిదిద్దిన దేశం స్వతంత్రమైన రెండు నెలలకు, హోవర్డ్ తుదిశ్వాస విడిచారు. భారత్‌లో ఆయన కృషిని వివరిస్తూ లూయీజ్ 1953లో గ్రంథం వెలువరించారు. 1978లో ఆస్ట్రేలియాకు చెందిన బిల్ మోలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ పర్మాకల్చర్ భావనను గ్రంథస్థం చేసేనాటికి, నేల సారమే సంపద అన్న మాట ప్రపంచమంతటా వేళ్లూనుకుని ఉంది.

తెలుగునాట ఆ బాటలో..

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాలు, పప్పుదినుసులు కలిపి పండిస్తూ, విత్తనాలను దాచి, అప్పుగా ఇచ్చిపుచ్చుకుంటూ వచ్చాయి. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ మహాసభకు హైదరాబాద్ వేదికైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ప్రభుత్వం ప్రకృతి సేద్య కార్యక్రమానికి శ్రీకారం చుట్టింది. ఘనజీవామృతం, ద్రవజీవామృతంతో సాగే ఆ పద్ధతికీ, పెద్దఎత్తున కంపోస్టు తోలే హోవర్డ్ పద్ధతికీ తేడాలు లేకపోలేదు. రైతు నుంచి రైతుకు విద్య చేరాలన్నదే వీటన్నింటా కనిపించే సూత్రం.

హోవర్డ్ ఎదుర్కొన్న సమస్య నల్లరేగడి నేలల్లో నేటికీ సజీవంగానే ఉంది. పత్తి ఏరడం పూర్తయ్యాక కట్టెను పీకి, కుప్ప వేసి, నిప్పుపెట్టడం అనేకచోట్ల పరిపాటి. కర్బనం, నత్రజని పొగై గాలిలో కలుస్తున్నాయి. ఇండోర్‌లో బండి చక్రాలు చేసిన పనిని నేడు కట్టెను ముక్కలు చేసే యంత్రాలు గంటల్లో చేయగలవు. పశువులు తగ్గిన ఊళ్లలో పేడ కొరత నిజమే అయినా, కుప్పను రగిలించడానికి పలుచని పేడనీళ్లు, పచ్చిరొట్ట ఉంటే పని మొదలవుతుంది. నలుగురైదుగురు రైతులు కలిసి ఒక యంత్రాన్ని బాడుగకు తెచ్చుకుని, ఒకే గట్టున కుప్ప వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. పత్తి ఏరడం ముగిసిన వెంటనే కుప్ప వేస్తే తొలకరి దుక్కికి ఎరువు చేతికి అందుతుంది.